చేరికయు ఆగుటయు: ఆమ్లద్రావణములలో లోహాక్సైడు అయానులు

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్‌బీ నగర్ వరకు సాగు రాజమార్గమునకు ఇరువైపుల నెలకొనియున్న కోచింగ్ కేంద్రములలో, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు విద్యార్థులు డి-బ్లాకు మూలకముల పాఠమునకు వచ్చినప్పుడు, పసుపుపచ్చని క్రోమేటు ద్రావణమునకు ఆమ్లము చేర్చిన అది నారింజరంగు డైక్రోమేటుగా మారుననియు, క్షారము చేర్చిన మరల పసుపునకే తిరుగుననియు కంఠస్థము చేయుదురు. ప్రవేశపరీక్షలో ఒక ప్రశ్నకు సమాధానమై ముగిసిపోవు ఆ వాక్యము వెనుక, రెండు శతాబ్దములుగా ఎందరో రసాయనవేత్తల జీవితకాలములను ఆక్రమించిన ఒక మహావిషయము ఒదిగియున్నది. క్రోమియమునకు సోదరస్థానీయములైన మాలిబ్డినము, టంగ్‌స్టనులును, వాని పొరుగు స్తంభమందలి వనాడియమును, ఆమ్లజలములో రెండేసి చొప్పున చేరుటతో తృప్తిపడక, ఏడేసి, పదేసి, పండ్రెండేసి, కొన్ని సందర్భములలో నూటయేబదికి మించి లోహపరమాణువులను కలుపుకొని, ఒక్కొక్కటి ఒక్కొక్క నిర్దిష్టాకృతి గల బృహదయానులుగా పరిణమించును. ఈ పరిణామమునకు హేతువేమి, దానికి అవధి యెక్కడ, మన తెలుగువారికిని, ఈ తూర్పు హైదరాబాదునకును దానితోడి సంబంధమెట్టిదను విషయములను ఈ వ్యాసమున పరామర్శింపదలచితిని.

మొదట చేరిక మాట. క్షారద్రావణములో మాలిబ్డేటు అయాను ఒక మాలిబ్డినము పరమాణువును, దాని చుట్టు చతుర్ముఖి శీర్షములయందు నాలుగు ఆక్సిజనులను కలిగి, రెండు ఋణావేశములతో ఒంటరిగా సంచరించును. ఆవేశముచేత ఇవి పరస్పరము వికర్షించుకొనును గనుక వానికి చేరువ కావలసిన అవసరము గాని, అవకాశము గాని లేదు. ఆమ్లము చేర్చినప్పుడు ప్రోటానులు వచ్చి ఆక్సిజనులపై వ్రాలును; ఆవేశము తగ్గును; ఆక్సిజను హైడ్రాక్సిలుగా మారును; ఒక అయానుయొక్క హైడ్రాక్సిలు మరియొక అయానుయొక్క లోహమును సమీపించి, నీటియణువును బహిష్కరించి, రెండు లోహముల నడుమ ఆక్సిజను వంతెనను నిలుపును. దీనినే సంఘననమందురు. క్రోమేటు విషయమున రెండు అయానులు రెండు ప్రోటానులను గ్రహించి ఒక నీటియణువును విడిచి డైక్రోమేటు కాగా, మాలిబ్డేటు విషయమున ఏడు అయానులు ఎనిమిది ప్రోటానులను గ్రహించి, నాలుగు నీటియణువులను విడిచి, ఏడు మాలిబ్డినములును ఇరువదినాలుగు ఆక్సిజనులును ఆరు ఋణావేశములును గల హెప్టామాలిబ్డేటు అగును. పది వనాడేటు అయానులు ఇరువదినాలుగు ప్రోటానులతో చేరి, పండ్రెండు నీటియణువులను విడిచి, నారింజరంగు డెకావనాడేటు అగును. ఈ లెక్కలలో ప్రతి ప్రోటానునకును, ప్రతి ఆవేశమునకును జమాఖర్చు సరిపోవుట చూడ ముచ్చట గొలుపును.

అయితే క్రోమియము రెంటితోనే ఏల తృప్తిపడును? ఆరవ ఆక్సీకరణస్థితియందలి క్రోమియము మిక్కిలి చిన్నది. చతుర్ముఖి నడుమ దాని వ్యాసార్ధము 0.26 ఆంగ్‌స్ట్రాములు మాత్రమే. దాని చుట్టు నాలుగు ఆక్సిజనులకు చోటు గలదు గాని, ఆరింటికి లేదు. మాలిబ్డినమునకు 0.59, టంగ్‌స్టనునకు 0.60, ఐదవ స్థితియందలి వనాడియమునకు 0.54 ఆంగ్‌స్ట్రాముల వ్యాసార్ధము ఉండుటచేత, ఇవి ఆరు ఆక్సిజనులను ధరించి అష్టముఖిగా మారగలవు. చతుర్ముఖులు సామాన్యముగా శీర్షముతో శీర్షమును మాత్రమే కలుపుకొనును. అష్టముఖులో, శీర్షములను మాత్రమేగాక అంచులను సైతము పంచుకొనగలవు. క్రోమేటును ఇంకను గాఢమైన ఆమ్లములో ఉంచినయెడల అది ట్రైక్రోమేటు, టెట్రాక్రోమేటులుగా గొలుసుకట్టి, తుదకు ఎఱ్ఱని క్రోమియం ట్రైఆక్సైడు స్ఫటికములై పడిపోవునే గాని, గుండ్రని నిండు అయాను ఒక్కటియైనను దానినుండి పుట్టదు.

నాలుగునుండి ఆరునకు మారు ఈ పరివర్తనము ప్రోటానుల రాకతోనే జరుగుచున్నదనుటకు ఒక చక్కని నిదర్శనమున్నది. సామాన్యముగా ఒక ఆమ్లముయొక్క మొదటి ప్రోటానును తొలగించుటకును, రెండవదానిని తొలగించుటకును నడుమ పీకే విలువలలో సుమారు ఐదంకెల భేదముండును. ఫాస్ఫారికామ్లమునందు విద్యార్థులు చూచునది ఇదియే. మాలిబ్డికామ్లమున ఈ రెండు విలువలును దాదాపు సమానముగా, నాలుగునకు ఇంచుక దిగువనే, ఉన్నవి. రెండవ ప్రోటాను చేరునప్పుడు లోహము తన చుట్టు నీటియణువులను గూడ ఆకర్షించుకొని అష్టముఖిగా విస్తరించుటయే ఈ వైపరీత్యమునకు కారణమని పరిశోధకులు నిరూపించిరి. పాఠ్యపుస్తకములలో ఈ యొక్క విషయము చేర్చబడినయెడల, విద్యార్థి రంగుమార్పును కంఠస్థము చేయుటకు బదులు దాని హేతువును తానే ఊహింపగలడని నా దృఢవిశ్వాసము.

చేరిక కంటె గంభీరమైన ప్రశ్న ఆగుటను గూర్చినది; ఈ క్షేత్రమంతటికిని అదియే హృదయమని నేను తలంతును. సిలిసికామ్లమును చూడుడు: దాని చతుర్ముఖులు శీర్షములను కలుపుకొనుట మొదలిడినచో అవధి లేక కలుపుకొనుచుపోయి, ద్రావణమంతయు జెల్లీగా గడ్డకట్టును. ప్రతి ఆక్సిజనును వంతెన కాగల సామర్థ్యము కలదగుటచే దానికి ఆగవలసిన చోటు దొరకదు. మాలిబ్డినము, టంగ్‌స్టనులు అట్లుగాక, ఏడింటికడనో పండ్రెండింటికడనో ఆగి, మూసికొని, మరి చేర్చుకొనవు. కారణమేమనగా, ఈ లోహములు డి-ఎలక్ట్రానులు లేనివగుటచేత, తమ బాహ్యముఖమునందున్న ఒకటి రెండు ఆక్సిజనులను ద్విబంధముతో బిగించి తమవైపు లాగుకొనును. లోహము అష్టముఖి నడుమ నిలువక, ఆ బాహ్యాక్సిజనువైపు జరిగి కూర్చుండును. అట్లు బిగింపబడిన ఆక్సిజనుకు క్షారగుణము క్షీణించి, ప్రోటానును గ్రహింపజాలక, వంతెన కాజాలకపోవును. అయాను వెలుపలి తలమంతయు ఇట్టి నిరాసక్త ఆక్సిజనులతో కప్పబడినప్పుడు పెరుగుదల తనంతట తానే నిలిచిపోవును. ఒక అష్టముఖికి ఇట్టి స్వేచ్ఛాక్సిజనులు రెంటికి మించి ఉండవను నియమమును 1965లో లిప్స్‌కూంబ్ ప్రతిపాదించెను. అటుపిమ్మట కనుగొనబడిన సమ్మేళనములలో అత్యధికము దీనికి లోబడియే ఉన్నవి.

ఈ జ్ఞానము సులభముగా లభించినది కాదు. 1826లో బెర్జీలియస్ ఫాస్ఫారికామ్లమునకు అమోనియం మాలిబ్డేటును చేర్చి పసుపుపచ్చని అవక్షేపమును వర్ణించెను. డిగ్రీ కళాశాలలలో లవణవిశ్లేషణ చేసిన ప్రతివాడును ఎఱిగిన కానరీపక్షి రంగు అవక్షేపము ఇదియే; ఫాస్ఫేటునకు గుర్తు అని చెప్పి వదలివేయు అదే పరీక్ష. 1860ల దశకములో జెనీవాయందు మారిన్యాక్ సిలికోటంగ్‌స్టికామ్లములను శుద్ధముగా తయారుచేసి, ఒకే సంఘటనము గల రెండు వేర్వేరు రూపములున్నవని గ్రహించెను. అనుపాతమును తూచి కొలువవచ్చును గాని, పండ్రెండు లోహములు ఒక భాస్వరముచుట్టు ఎట్లు నిలిచియుండునో ఆనాటి ఉపకరణములకు అందలేదు. మియోలాటి, రోజెన్‌హైములు వెర్నర్ సమన్వయసిద్ధాంతమును దీనికి అన్వయించి ఊహాచిత్రములను గీచిరి. 1929లో పాలింగ్ అష్టముఖులు శీర్షములతో మాత్రమే కలిసియుండునని భావించి ఒక నిర్మాణమును ప్రతిపాదించెను. మాంచెస్టరులో కెగ్గిన్ 1933లో ఫాస్ఫోటంగ్‌స్టికామ్లముపై ఎక్స్-కిరణములను ప్రయోగించి, నిజరూపమును వెల్లడించెను: నడుమ ఒక ఫాస్ఫేటు చతుర్ముఖి; దానిచుట్టు పండ్రెండు టంగ్‌స్టను అష్టముఖులు, మూడేసి అంచులను పంచుకొని ఒక్కొక్క గుంపై, ఆ నాలుగు గుంపులు మరల శీర్షములతో కలిసికొని, సుమారు ఒక నానోమీటరు వ్యాసముగల గోళము వంటి అయాను. దానియందలి నలుబది ఆక్సిజనులలో నాలుగు లోపలనుండి భాస్వరమును పట్టుకొనును, ఇరువదినాలుగు వంతెనలు, పండ్రెండు బయటికి మొగముంచి నిలుచును. ఇంత పెద్ద అయానుకు మొత్తము ఆవేశము మూడు మాత్రమే.

కెగ్గిన్ రూపము తెలిసిన తరువాతను ద్రావణములో ఏమున్నదను వివాదము తీరలేదు. యాందర్ వంటి పండితులు వ్యాపనవేగములను కొలిచి, ఆమ్లము పెరిగినకొలది అయానులు ఒక్కొక్క మెట్టుగా, అనేకములైన మధ్యస్థరూపములగుండా, పెద్దవగునని తలచిరి. స్టాక్‌హోములో సిల్లేన్ సంప్రదాయమువారు అతిసూక్ష్మమైన విద్యుద్విభవమాపనములతో ద్రావణములను పరీక్షించినప్పుడు అట్టి నిరంతర శ్రేణి లేదనియు, కొలది నిర్దిష్ట జాతులే ఒకటి అంతరించి మరియొకటి అవతరించుచుండుననియు తేటపడెను. మాలిబ్డేటులో ఏడు లోహముల జాతినుండి పీహెచ్ రెండు ప్రాంతమున ఎనిమిది లోహముల జాతికిని, ఇంకను గాఢమైన ఆమ్లములో ముప్పదియారు లోహముల జాతికిని గెంతులు గలవు. ఏడునకును ముప్పదియారునకును నడుమ ప్రతి సంఖ్యయు కనిపింపదు. ఆగుటయే నియమమని నేను ముందు చెప్పినది సిల్లేన్ కొలతలచేత రుజువైనది.

ఆమ్లము ఎంత పెంచిన అంత పెద్ద అయాను వచ్చునని అనుకొనరాదు. వనాడేటు ద్రావణమును పీహెచ్ పదుమూడునుండి క్రమముగా దించుచుపోవుడు: నిర్వర్ణమైన ఒంటరి అయాను మొదట జంటయై, పిదప నాలుగింటి వలయమై, ఆరుకు దిగువన పదింటి నారింజ అయానై, తుదకు రెంటికి దిగువన ఆ నారింజరంగు కళ తప్పి, లేతపసుపు డైఆక్సోవనాడియం ధనాయానుగా విడిపోవును. మాలిబ్డినమును అంతే, అతిగాఢమైన ఆమ్లములో అది ధనాయానుగా మారును. ప్రోటానులు కొంతవరకు కట్టును, అటుపై కూల్చును. టంగ్‌స్టను విషయమున ఇంకొక విశేషముగలదు: మాలిబ్డేటు ఆమ్లము కలిపిన కొలది సెకనులలో సమతాస్థితిని చేరగా, టంగ్‌స్టేటు మొదట శీఘ్రముగా ఏడు లోహముల పారాటంగ్‌స్టేటు-ఏ అగును గాని, దానినుండి పండ్రెండు లోహముల పారాటంగ్‌స్టేటు-బీకి మారుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఇంకను ఆమ్లమును పెంచిన మెటాటంగ్‌స్టేటు ఏర్పడును. దాని రూపము కెగ్గిన్ రూపమే గాని, నడుమ భాస్వరము లేదు. దాని స్థానమున రెండు ప్రోటానులు బందీలైయుండును.

తెలుగువాడు ఈ రంగమున అడుగిడి దీనిని లోకమంతటి చేతికి అందించిన కథను ఇచట విస్తరించి చెప్పవలసియున్నది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరములో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్యకళాశాల జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే సరసన పనిచేయసాగెను. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. రక్తమందలి చక్కెర, యూరికామ్లము మొదలగువానిని ఫాస్ఫోమాలిబ్డిక్, ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లముల నీలివర్ణముతో కొలుచు విద్యకు అతడే ప్రవర్తకుడు. అట్టి ఆవరణములో సుబ్బారావు చేపట్టిన పని శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుట. అంతకుముందు 1920లో బెల్, డోయిజీలు ప్రకటించిన పద్ధతి ఉన్నను అందలి నీలివర్ణము నిలుకడ లేనిది. 1925లో ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించిన నూతన విధానమున ఆమ్లీకృత మాలిబ్డేటు ఫాస్ఫేటుతో చేరి పండ్రెండు మాలిబ్డినముల కెగ్గిన్ అయానగును. అటుపై అమినోనాఫ్తాల్‌సల్ఫోనికామ్లము దానికి ఎలక్ట్రానులనిచ్చి క్షయకరింపగా గాఢనీలము పుట్టును. ఆ నీలిమ గాఢతయే ఫాస్ఫేటు పరిమాణము. కెగ్గిన్ తన ఎక్స్-కిరణచిత్రమును తీయుటకు ఎనిమిది సంవత్సరములకు ముందే, ఆ అయాను ఆకారమెట్టిదో ఎవరికిని తెలియకుండగనే, దానిని అనుదినము సృష్టించి, లెక్కించి, నమ్మదగిన కొలమానముగా మలచిన మేధస్సును తలచుకొన్నప్పుడు నా మనస్సు గౌరవముతో నిండును.

ఈ విధానమున ఆమ్లముపాలు ఎంతో కీలకమైనది. ఆమ్లము తక్కువైన మిగిలిన మాలిబ్డేటే తనంతట తానే సంఘటితమై, క్షయకరణము నొంది, ఫాస్ఫేటు లేకున్నను నీలివర్ణము తెచ్చును. ఎక్కువైనచో కెగ్గిన్ అయాను రూపొందక రంగే రాకపోవును. ఈ రెంటి నడుమ గల ఇరుకుదారిలో ద్రావణమును నడిపించుటయే ఈ పరీక్షయందలి నైపుణ్యము. ఆమ్లమే కట్టును, ఆమ్లమే కూల్చునను పైవాక్యమునకు ఇంతకంటె ఉపయోగకరమైన ఉదాహరణము లేదు.

కథ ఇంతటితో నిలువలేదు. మాంసకండరపు కషాయమును ఇదే విధమున పరీక్షించుచు, నీలివర్ణము వెంటనే సంపూర్ణముగా రాక, మెల్లమెల్లగా పెరుగుచుండుటను ఫిస్కే, సుబ్బారావులు గమనించిరి. ఆలస్యమును దోషముగా త్రోసివేయక, దానికి హేతువేమని వెదకిరి. కండరములో ఫాస్ఫేటు స్వేచ్ఛగా లేదు. ఏదో ఒక అస్థిరపదార్థముతో కూడియుండి, ఆమ్లమాలిబ్డేటు ద్రావణములోనే మెల్లగా విడివడుచున్నది. అదియే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో దానిని ప్రకటించిరి. ఆ యేడే లండనులో ఎగిల్టన్ దంపతులు సైతము స్వతంత్రముగా ఇట్టి పదార్థమును కనుగొనిరి. 1929లో కండరమునుండి వేరుచేయబడిన అడినోసిన్ ట్రైఫాస్ఫేటు విషయమున కార్ల్ లోమన్ ఒకవైపు, ఫిస్కే, సుబ్బారావులు వేరొకవైపు పరిశ్రమించిరి. ప్రాణికోటి శక్తిని వ్యయించు విధానమును తెలిసికొను మార్గమున మొదటి అడుగు, మాలిబ్డినము పండ్రెండేసి చేరి ఒక ఫాస్ఫేటును చుట్టుకొను ఆ గడియలోనే పడినది. తరువాత లెడర్లే సంస్థలో సుబ్బారావు చేసిన ఔషధపరిశోధనలకు ప్రఖ్యాతి ఎక్కువ వచ్చెను గాని, 1948లో ఆయన అస్తమించిన పిమ్మటను ఆయన పేరు అనుదినము ఉచ్చరింపబడు చోటు ఈ భాస్వరపరీక్షయే.

ఎల్‌బీ నగర్, కొత్తపేటలయందలి ఆస్పత్రులకును, రక్తపరీక్షాకేంద్రములకును వచ్చు మూత్రపిండరోగులు, ముఖ్యముగా డయాలిసిస్ పొందువారు, తమ నివేదికలో ఫాస్ఫరస్ అను పంక్తిని ఆత్రుతతో చూచుకొందురు. ఆరోగ్యవంతుడైన వయోజనునకు అది డెసిలీటరునకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు ఉండును. నేటి యంత్రములలో సామాన్యముగా నీలివర్ణమును తెప్పింపక, 1972లో డేలీ, ఎర్టింగ్‌షౌజెనులు వివరించిన రీతిని, క్షయకరింపబడని ఫాస్ఫోమాలిబ్డేటును 340 నానోమీటర్ల అతినీలలోహిత కిరణముతో నేరుగా కొలుతురు. విధానము మారినను, ఆ బుల్లి పాత్రికలో జరుగు సంఘటనము అదియే. అచటికి సమీపముననే గల సరూర్‌నగర్ చెరువువంటి నగరజలాశయములలో మురుగునీటి ఫాస్ఫేటు ఎంత చేరినదో తెలిసికొనుటకును ఫాస్ఫోమాలిబ్డేటు నీలిమయే ఆధారము. 1962లో మర్ఫీ, రైలీలు సవరించిన పద్ధతియందు ఆస్కార్బికామ్లము క్షయకరణి కాగా, ఆంటిమొనీ రంగును శీఘ్రపరచును. ఇచట ఒక హెచ్చరికను చేర్చవలెను: హైదరాబాదు గ్రానైటు భూములలోని బోరునీటిలో కరిగియుండు సిలికాయు, ఆర్సెనేటును సైతము ఇట్టి అయానులను కట్టగలవు గనుక, ఆమ్లమును సరిచూచుకొనని విశ్లేషకుడు భాస్వరమును ఉన్నదానికంటె హెచ్చుగా చూపును.

ఎల్‌బీ నగర్ నుండి బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్, చంపాపేటల మీదుగా పోయినచో కంచన్‌బాగ్ వచ్చును. 1963లో వెలసిన రక్షణ లోహశోధనశాలయు, 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమమును అచట ఉన్నవి. టంగ్‌స్టను భారమిశ్రలోహములను, ప్రత్యేకపు ఉక్కులను అభివృద్ధిచేసిన ఆ ప్రదేశమునకు ఈ వ్యాసవిషయముతో సూటియైన సంబంధమున్నది. ఏలనన ప్రపంచమున టంగ్‌స్టను లోహచూర్ణము సామాన్యముగా అమోనియం పారాటంగ్‌స్టేటునుండియే వచ్చును. ఖనిజమును కరగించి, శుద్ధిచేసి, ద్రావణమును మరుగబెట్టి అమోనియాను వెళ్లగొట్టినప్పుడు, పీహెచ్ దిగి, పండ్రెండు టంగ్‌స్టనుల అయాను లవణమై స్ఫటికీకరించును. ఆ శ్వేతస్ఫటికములను కాల్చి ఆక్సైడు చేసి, ఉదజనిలో క్షయకరింపగా చూర్ణము సిద్ధించును. ద్రావణములో ఆ అయాను ఏర్పడుటయే శుద్ధికి ప్రధానోపాయమగుటచేత, ఈ రసాయనము లేనిదే టంగ్‌స్టను లోహము ఇంత సులభముగా మన చేతికి రాదు.

ఇంతవరకు చెప్పినది ఋణాయానుల కథ. దీనికి వ్యతిరేకదిశలో నడుచు ధనాయానుల కథను గూడ స్పృశింపక తప్పదు. అల్యూమినియము, ఇనుము అతిగాఢామ్లములో నీటియణువులను ధరించిన ఒంటరి ధనాయానులై యుండి, ఆమ్లము తగ్గినప్పుడు ప్రోటానులను పోగొట్టుకొని, హైడ్రాక్సిలు వంతెనలతో చేరును. అనగా మాలిబ్డినమునకు ఆమ్లము పెంచిన చేరిక, అల్యూమినియమునకు తగ్గించిన చేరిక. ఆశ్చర్యమేమనగా, పాక్షికముగా తటస్థీకరింపబడిన అల్యూమినియము ద్రావణములో పదమూడు అల్యూమినియముల ధనాయాను పుట్టును. 1960లో యోహాన్సన్ దాని స్ఫటికనిర్మాణమును నిర్ణయింపగా, అది కెగ్గిన్ రూపమే అయినది. నడుమ చతుర్ముఖి, చుట్టు పండ్రెండు అష్టముఖులు. ఆవేశము మాత్రము ఏడు, అదియు ధనము. కోదండాపురము శుద్ధికేంద్రమునుండి సాహెబ్‌నగర్ వరకు వచ్చు కృష్ణాజలములతో తూర్పు హైదరాబాదు దప్పి తీరుచున్నది. నదీజలములను తేర్చుటకు ఎల్లెడల వాడబడు పటిక నీటిలో కరిగినప్పుడును, పాలీఅల్యూమినియం క్లోరైడులోను జరుగునది ఇట్టి చేరికయే. మట్టికణముల ఋణావేశమును ఈ బహుధనావేశ అయానులు తటస్థపరచి, వానిని ముద్దలుగా చేసి అడుగునకు దింపును. రక్తపరీక్షలోను, త్రాగునీటిలోను ఒకే జ్యామితి ప్రత్యక్షమగుట ఈ విషయపు విశాలత్వమునకు సాక్ష్యము.

ఉత్ప్రేరణరంగమునకు వత్తము. ఫాస్ఫోటంగ్‌స్టికామ్లము వంటి హెటిరోపాలీ ఆమ్లములు గంధకికామ్లము కంటె బలవత్తరములు. ఏలనన మూడు ఆవేశములు నలుబది ఆక్సిజనులపై పరచుకొనుటచేత ప్రోటానును పట్టియుంచు శక్తి ఆ అయానుకు లేదు. జపానులో 1970ల దశకమునుండి ప్రొపిలీనునకు నీటిని చేర్చి ఐసోప్రొపైల్ ఆల్కహాలు చేయుటకు వీనిని పరిశ్రమస్థాయిలో వాడిరి. హైదరాబాదులో 1944లో కేంద్రప్రయోగశాలగా పుట్టి, ఇప్పుడు భారతీయ రసాయన సాంకేతికసంస్థగా పేరొందిన తార్నాకలోని పరిశోధనాలయమున, ఈ ఆమ్లములను ఆక్సైడుల ఉపరితలముపై నిలిపి, బయోడీజిలు పరిశ్రమలో మిగిలిపోవు గ్లిసరాలును విలువగల పదార్థములుగా మార్చు కృషి విస్తారముగా జరిగినది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమున సమర్ కుమార్ దాస్ నేతృత్వములోని బృందము పాలీఆక్సోమెటలేట్లు అనబడు ఈ బృహదయానుల సంశ్లేషణమును, స్ఫటికనిర్మాణములను అధ్యయనము చేయుచు వచ్చినది. ఆయన అంతకు పూర్వము బీలెఫెల్డులో అఖిమ్ మ్యూలర్ వద్ద ఇదే రంగమున పనిచేసినవారు. నగరమందలి ఔషధకర్మాగారములలో పనిచేయు యువరసాయనవేత్తలు పలుచని పొర పలకలను ఫాస్ఫోమాలిబ్డికామ్లములో ముంచి, వేడిచేసి, నీలిచుక్కలను చూచి చర్య ముగిసినదో లేదో తేల్చుకొందురు. వారు కెగ్గిన్ పేరు తలపకున్నను వారి చేతిలో ఉన్నది ఆ అయానే. ఇది వారి పాఠములలో ప్రవేశించునట్లు చేయుట అధ్యాపకుల విధి.

ఇక మాలిబ్డినము నీలిమను గూర్చి. పదునెనిమిదవ శతాబ్దమున షీలే నాటినుండి తెలిసిన ఆ నీలద్రవము, ఫాస్ఫేటు పరీక్షయందలి నీలిమ వంటిది కాదు. ఫాస్ఫేటు లేకుండగనే, క్షయకరింపబడిన మాలిబ్డేటే స్వయముగా ఏర్పరచునది. ఎన్ని దశాబ్దములు గడచినను దాని స్ఫటికము తేలలేదు. రూపురేఖలు లేని జిగురుపదార్థమని పలువురు నిర్ణయించిరి. 1995లో మ్యూలర్ బృందము దానిని స్ఫటికీకరించి, నూట యేబదినాలుగు మాలిబ్డినములు గల చక్రాకారపు అయానును చూపినప్పుడు రసాయనలోకము నిశ్చేష్టమైనది. చక్రపు బాహ్యవ్యాసము సుమారు మూడున్నర నానోమీటర్లు. 1998లో నూట ముప్పదిరెండు లోహముల గోళమును, 2002లో మూడువందల అరువదియెనిమిది లోహముల అయానును అదే బృందము ప్రకటించెను. ఇంత పెద్ద వస్తువులు సైతము నిర్దిష్ట సంఖ్యయందే ఆగుచున్నవని గుర్తింపవలెను. బాహ్యతలపు నిరాసక్తత ఒక్కటియే ఈ సంఖ్యలను నిర్ణయింపజాలదు. క్షయకరణముచేత వచ్చిన ఎలక్ట్రానులు కొన్ని ఆక్సిజనులకు క్షారగుణమును తిరిగి ఇచ్చి మరికొన్ని చేరికలకు వీలుకల్పించును, ఐదుకోణముల మాలిబ్డినము నడుమనుండు చిన్న ఖండములు మరల మరల వాడబడును, నడుమ ఏదో ఒక ఆధారము నిలిచి చక్రము చుట్టుకొనును.

ఆ ఆధారమేమో 2010లో గ్లాస్గోలోని లీ క్రోనిన్, తన సహచరులతోను మ్యూలరుతోను కలిసి, ప్రవాహవిధానమున ద్రావణమును నిరంతరము నడిపించుచు ప్రత్యక్షపరచెను: ముప్పదియారు మాలిబ్డినముల అయాను నడుమ నిలిచి, దానిచుట్టు నూట యేబది మాలిబ్డినముల చక్రము అల్లుకొని, పూర్తియైన పిమ్మట ఆ నడిమి అయాను తొలగిపోవును. ముప్పదియారు లోహముల అయాను పైన చెప్పిన గాఢామ్లజాతియే. మాలిబ్డేటు వేగముగా సమతాస్థితిని చేరుటచేత ఇట్టి మధ్యదశలను పట్టుకొనుట కష్టసాధ్యము. టంగ్‌స్టేటు నిదానముగా నడచుటచేత సులభసాధ్యము కావలసినదే గాని, ఏడింటి అయానునుండి పండ్రెండింటి అయానుకు పోవు ఆ వారముల ప్రయాణమున ఏ ఖండములు విడిపోవునో, ఏవి మిగులునో, వర్ణపటములును ద్రవ్యరాశిమాపకములును ఒక్కొక్కటిగా తేల్చుచున్నవి.